సీఎం5 చిప్, అమీన్ కప్లింగ్ కిట్: యాంటీబాడీలకైతే కళ్లు మూసుకుని కొనండి

బెంగళూరు బొమ్మసంద్ర ఇండస్ట్రియల్ ఏరియాలో మా ల్యాబు. చేసే పని ప్రోటీన్లు ఒకదానికొకటి ఎంత గట్టిగా అతుక్కుంటాయో కొలవడం. ఒక ప్రోటీన్‌ను చిప్ మీద అతికించి, ఇంకోదాన్ని దాని మీదుగా పంపితే, అవి అతుక్కోవడం, ఊడటం గ్రాఫ్‌గా చూపించేది బయాకోర్ మెషీన్. దాని మీద మేం ఎక్కువగా వాడేది సీఎం5 చిప్. గాజు మీద పలుచని బంగారు పూత, దానిమీద కార్బాక్సీమిథైల్ డెక్స్‌ట్రాన్ పొర. యాంటీబాడీలతో పని ఉన్నవాళ్లు ఇంకేదీ వెతకక్కర్లేదు. మిగతావాళ్లు మాత్రం కింద రాసింది చదివాక ఆర్డర్ పెట్టండి.

ప్రోటీన్‌ను చిప్‌కి అతికించే అమీన్ కప్లింగ్ కిట్‌లో వచ్చేవి మూడే: ఈడీసీ పొడి, ఎన్‌హెచ్‌ఎస్ పొడి, ఇథనోలమీన్ ద్రావణం. మొదటి రెండూ కలిపి పంపితే చిప్ మీది కార్బాక్సిల్ గ్రూపులు యాక్టివేట్ అవుతాయి. తర్వాత ప్రోటీన్ పంపితే దాని లైసీన్లు (అమీన్ గ్రూపున్న అమైనో ఆమ్లాలు) అక్కడ పట్టుకుంటాయి. మిగిలిన చోట్లను ఇథనోలమీన్ మూసేస్తుంది. పొడులను విడివిడిగా నీళ్లలో కలిపి, చిన్న ట్యూబుల్లోకి పంచి, మైనస్ 20లో పెట్టుకోవాలి. రెండింటినీ కలపడం రన్‌కి ముందే. కలిపి పక్కన పెడితే చెడిపోతుంది.

ఈ చిప్‌లో నాకు బాగా నచ్చింది పీహెచ్ స్కౌటింగ్. యాక్టివేట్ చేయకముందే ప్రోటీన్‌ను 10 మిల్లీమోలార్ సోడియం ఎసిటేట్‌లో పలుచన చేసి 4.0, 4.5, 5.0, 5.5 పీహెచ్‌లలో పంపి చూడొచ్చు. డెక్స్‌ట్రాన్‌ది రుణావేశం. పీహెచ్ తన పీఐ (మొత్తం ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) కంటే తక్కువైతే ప్రోటీన్‌కి ధనావేశం వస్తుంది, తనంతట తానే ఉపరితలం దగ్గర పోగవుతుంది. ఆ ఎసిటేట్ బఫర్ (పీహెచ్ నిలకడగా ఉంచే ద్రావణం) వెళ్లగానే వదిలేస్తుంది, చిప్ అలాగే ఉంటుంది. సరిపడా పోగైన వాటిలో ఎక్కువ పీహెచ్ ఉన్నదాన్ని ఎంచుకుంటాను. ప్రోటీన్‌కీ హాయి, లైసీన్లు పట్టుకోవడానికీ అదే మంచిది. పీఐ బాగా తక్కువున్న ప్రోటీన్లు మాత్రం ఇక్కడ మొండికేస్తాయి.

ఒక హెచ్చరిక. ప్యూరిఫికేషన్ చేసేవాళ్లు ప్రోటీన్‌ను ట్రిస్ బఫర్‌లోనే ఇస్తుంటారు. ట్రిస్‌కీ అమీన్ ఉంది కదా, అది ముందుగా వెళ్లి కూర్చుంటుంది. బఫర్ మార్చకుండా చిప్ మీదకు పంపకండి.

ఇక ఎంత ఎక్కించాలి? మా దగ్గర ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన గుంటూరు అమ్మాయి సిగ్నల్ పెరుగుతుంటే సంబరపడిపోయి, "అక్కా, ఇంకొంచెం ఎక్కిద్దామా?" అంటుంది. వద్దమ్మా! అతికించింది 150 కిలోడాల్టన్ల యాంటీబాడీ, మీద పంపేది 25 కిలోడాల్టన్ల యాంటిజెన్ (యాంటీబాడీ పట్టుకునే అణువు), పట్టుకునే చోట్లు రెండు అనుకుందాం. గరిష్ఠ స్పందన 50 ఆర్‌యూ (మెషీన్ సిగ్నల్‌కి కొలమానం) కావాలంటే లెక్క ప్రకారం 150 ఆర్‌యూ యాంటీబాడీ చాలు. కొంత పనిచేయదనుకుని 200 దగ్గర ఆపుతాను. వేలల్లో ఎక్కిస్తే గ్రాఫ్ చూడ్డానికి బాగుంటుంది గానీ, ఊడిన యాంటిజెన్ పక్కనే ఉన్న ఇంకో యాంటీబాడీకి మళ్లీ అతుక్కుంటుంది. దాంతో ఊడే వేగం తక్కువగా కనిపించి, లేని గట్టిదనం ఉన్నట్టు అంకె వస్తుంది. మీటింగుల్లో మెరిసిపోయే కొన్ని పికోమోలార్ విలువల (అంకె ఎంత చిన్నదైతే అంత గట్టిదనం అన్నమాట) వెనక ఇదే ఉంటుందని నా అనుమానం.

లోపం ఏంటంటే, ఏ లైసీన్ ముందు పట్టుకుంటుందో మన చేతుల్లో లేదు. కొన్ని అణువులు తలకిందులుగా, కొన్ని పక్కకి ఒరిగి అతుక్కుంటాయి. బైండింగ్ సైట్‌లోనే కీలకమైన లైసీన్ ఉంటే ఈ పద్ధతి మీకు కాదు. రీజెనరేషన్‌కి, అంటే అతుక్కున్నదాన్ని కడిగేసి చిప్‌ను మళ్లీ సిద్ధం చేయడానికి, వాడే పీహెచ్ 2 గ్లైసీన్‌ను యాంటీబాడీలు చాలావరకు తట్టుకుంటాయి, సున్నితమైన ఎంజైములు తట్టుకోవు. అలాంటివాటికి బయోటిన్ ట్యాగ్ పెట్టి, దాన్ని గట్టిగా పట్టుకునే స్ట్రెప్టావిడిన్ చిప్ వాడటం మేలు. దిశ కూడా కుదురుతుంది. కాకపోతే ఎక్కిందంటే దిగదు, ఆ ఫ్లోసెల్ (చిప్ మీద ద్రావణం పారే ఒక గది) ఆ ప్రోటీన్‌కే రాసిచ్చినట్టు. ప్రోటీన్‌కి హిస్ ట్యాగ్ (హిస్టిడిన్ల తోక) ఉంటే, దాన్ని నికెల్‌తో పట్టుకునే ఎన్‌టీఏ చిప్ ఉంది, ఈడీటీఏతో కడిగి మళ్లీ వాడుకోవచ్చు. కానీ ప్రోటీన్ కొంచెం కొంచెంగా ఊడి బేస్‌లైన్ మెల్లగా జారుతుంటే నాకు టెన్షన్. ఎవరు ఎవరికి అతుక్కుంటారో అవును కాదు తేల్చడానికి చాలు, కైనెటిక్స్‌కి, అంటే అతికే, ఊడే వేగాలు కొలవడానికి, నేను వాడను.

నాకున్న గొడవంతా డెలివరీతోనే. ఒకసారి మాకు సరఫరా చేసే డీలర్ మనిషి మధ్యాహ్నం ఎండలో థర్మాకోల్ పెట్టెను సెక్యూరిటీ గేటు దగ్గర వదిలేసి వెళ్లిపోయాడు. తెరిచేసరికి ఐస్ ప్యాకులన్నీ నీళ్లు. ఫోన్ చేస్తే "ఏం కాదు మేడం, తట్టుకుంటుంది" అన్నాడు. ఈడీసీ తేమను పీల్చుకుంటుంది, తట్టుకుంటుందో లేదో అతనెలా చెప్తాడు? పట్టుబడితే కిట్ మార్చి ఇచ్చారు, అదీ వారాల తర్వాత. అప్పటినుంచి ఆర్డర్‌లోనే సోమవారం గానీ మంగళవారం గానీ పంపమని రాయిస్తున్నాం. శుక్రవారం బయల్దేరిన పెట్టె శని, ఆదివారాలు ఏదో గోడౌన్‌లో పడుంటుంది.