కదలని షాటు, ఓర్చుకోలేని టీవీ

'గుడ్‌బై, డ్రాగన్ ఇన్' సినిమా చివర్లో ఒక షాటు ఉంది. ఆఖరి ఆట అయిపోయి హాల్లో లైట్లు వెలిగి ఉంటాయి. టిక్కెట్లమ్మే ఆవిడ ఒక కాలు ఈడ్చుకుంటూ వస్తుంది. మెట్లెక్కి, వరసల మధ్య పడున్న చెత్త ఏరుకుంటూ నడిచి, దిగి వెళ్ళిపోతుంది. ఆవిడ వెళ్ళాక కూడా కెమెరా అక్కడే ఉండిపోతుంది. ఎదురుగా ఖాళీ కుర్చీలు, అంతే. మొత్తం ఐదు నిమిషాలు దాటుతుంది. తైవాన్ దర్శకుడు త్సాయ్ మింగ్ లియాంగ్ సినిమాలు కొన్నేళ్ళుగా మళ్ళీ మళ్ళీ చూస్తున్నాను. ఇన్నాళ్ళ తర్వాత రాయాలనిపించింది మాత్రం ఆ ఒక్క షాటు గురించే.

మొదటి నిమిషం ఏదో జరుగుతుందని చూస్తాం. తర్వాత కళ్ళు హాలంతా తిరగడం మొదలుపెడతాయి. నడిచే దారి, పై వరసలు, గోడలు. ఆపైన ఆ కుర్చీల్లో మనుషుల్ని మనమే కూర్చోబెట్టుకుంటాం. నాకైతే మా ఊరి హాలు వచ్చి కూర్చుంటుంది. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ. ఇప్పుడది ఫంక్షన్ హాలు. ఏడవమని చెప్పే నేపథ్య సంగీతం ఆ షాటులో లేదు. దర్శకుడు మనకిచ్చింది సమయం. ఇంత పెద్ద మర్యాద నాకు ఇంకే సినిమాలోనూ దొరకలేదు.

అది సెట్టు కాదు. తైపే పక్కన యోంగ్‌హేలో ఉండిన ఫూ-హో థియేటర్. 2001లో తీసిన సినిమాకీ అతను ఆ హాలును వాడుకున్నాడు. అది మూతపడబోతోందని తెలిసి అద్దెకు తీసుకుని 2003లో ఈ సినిమా చేశాడు. లోపల తెర మీద ఆడుతున్నది కింగ్ హూ 1967లో తీసిన కత్తియుద్ధాల సినిమా 'డ్రాగన్ ఇన్'. అందులో నటించిన మియావ్ టియెన్, షి జున్ ఇద్దరూ ముసలివాళ్ళై ఆ కొద్దిమంది ప్రేక్షకుల్లో కూర్చుని ఉంటారు. తెర మీద వయసులో ఉన్న తనను చూసుకుంటూ షి జున్ కళ్ళు చెమరుస్తాయి. సగం సినిమా దాటేదాకా హాల్లో ఉన్నవాళ్ళెవరూ నోరు విప్పరు.

ఇక టీవీ సంగతి. ఇలాంటి సినిమాల కోసమే ఓలెడ్ టీవీ కొన్నాను. నలుపు నిజంగా నలుపుగా కనిపిస్తుందన్నారు, నిజమే. వాన రాత్రులు, ట్యూబులైట్ల కారిడార్లు చూసి చాలా మురిసిపోయాను. తీరా ఆ ఆఖరి షాటు దగ్గరికి వచ్చేసరికి, నిమిషమో రెండు నిమిషాలో గడిచాక బొమ్మ మసకబారడం మొదలైంది. పొద్దు వాలినట్టు, తెలిసీ తెలియకుండా. ముందు పై వరసలు పోయాయి, తర్వాత గోడలు. షాటు మారగానే ఒక్కసారిగా వెలుగు తిరిగొచ్చింది. పవర్ సేవింగ్ ఆపాను, గదిలో వెలుతురును బట్టి మారే సెన్సర్ ఆపాను, పిక్చర్ మోడ్‌లన్నీ మార్చాను. మార్పు లేదు. సర్వీసు అతను వచ్చి ఫోన్లోంచి ఒక డాన్సు పాట పెట్టి చూశాడు. పాట కదులుతూనే ఉంటుంది కదా, మసకబారలేదు. ప్యానెల్ బాగుందని చెప్పి వెళ్ళబోతుంటే ఆపి, ఆ షాటు పెట్టి పక్కన కూర్చోబెట్టాను. అప్పుడు చెప్పాడు, అది రిపేరు కాదు, టీవీ తీరే అంతని.

ఓలెడ్‌లో ప్రతి చుక్కా దానంతటదే వెలుగుతుంది. ఒకే బొమ్మ చాలాసేపు నిలిచిపోతే ఆ చుక్కలు అరిగి మచ్చ మిగిలిపోవచ్చు, న్యూస్ ఛానెళ్ళ లోగోలు మిగిలినట్టు. అందుకని బొమ్మ కదలడం లేదని పసిగట్టగానే టీవీ వెలుగు తగ్గించేస్తుంది. మామూలు మెనూలో దాన్ని ఆపే మీట లేదు. సర్వీసు మెనూలో ఉందట గానీ, ముట్టుకుంటే వారంటీ చిక్కు. రిమోట్‌లో వాల్యూమ్ నొక్కితే వెలుగు తిరిగొస్తుంది, దాంతోపాటు ఖాళీ హాలు మీద వాల్యూమ్ గీత కూడా. నాకు కోపమొచ్చింది అక్కడే. బొమ్మ కదలకపోతే ఎవరూ చూడటం లేదని ఆ యంత్రం లెక్క. ఈ దర్శకుడి సినిమా అంతా నిలబడింది, కదలని బొమ్మను కూడా ఎవరో ఒకరు చూస్తారన్న నమ్మకం మీద. 'స్ట్రే డాగ్స్'లో ఇద్దరు ఒక గోడబొమ్మ ముందు నిలబడిపోయే షాటు పది నిమిషాలు దాటుతుంది. అసలే చీకటి షాటు, ఆ టీవీలో ఇంకా ఘోరం.

చివరికి ఒక సెకండ్‌హ్యాండ్ ప్రొజెక్టర్ తెచ్చి గోడ మీద వేసుకుంటున్నాను. నలుపు బూడిదరంగులో కనిపిస్తుంది. పరవాలేదు, షాటు మాత్రం చివరిదాకా నిలబడుతుంది. ఎదురుచూడని లాభం ఇంకోటి దొరికింది. సినిమాలో టిక్కెట్లావిడ తెర వెనక్కి వెళ్ళి తలెత్తి చూసే చోటు ఒకటుంది. వెనకున్న స్పీకర్ల శబ్దం బయటికి రావడానికి హాలు తెరకు సన్నటి చిల్లులుంటాయి. వాటిలోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా ఆవిడ మొహం మీద పడుతుంది. టీవీలో ఇది అందమైన బొమ్మే. గదిలో నా తల మీదుగా కాంతి వెళ్ళి గోడ మీద పడుతుంటే మాత్రం, ఆవిడ ఏం చూస్తోందో ఒంటికి తెలిసింది.

నాన్న మొన్న ఊరినుంచి వచ్చినప్పుడు సగం నుంచి కూర్చుని చూశాడు. "ఆ ఆపరేటర్ కనబడడేంట్రా?" అన్నాడు. ఆయన పట్టుకున్నది సరిగ్గా సినిమా ప్రాణాన్ని. టిక్కెట్లావిడ ఆవిరి బన్ను సగం దాచి తీసుకెళ్ళేది ప్రొజెక్టర్ నడిపే ఆ ఆపరేటర్ కోసమే. అతని మొహం చివర్లోగానీ కనబడదు.

ఇన్నిసార్లు చూశాక కొన్నిచోట్ల నా పట్టు సడలింది. ఈ సినిమాలో ఒక జపాన్ కుర్రాడు హాల్లో తిరిగే భాగం మొదట్లో ఉన్నంత పట్టుగా ఇప్పుడు లేదు. ఇదే దర్శకుడి 'డేస్' (2020) కావాలనే సబ్‌టైటిల్స్ లేకుండా వదిలిన సినిమా. దాన్ని గౌరవిస్తాను గానీ ఆఫీసు నుంచి అలిసి వచ్చిన రాత్రి పెట్టను. నెమ్మదిగా ఉన్న ప్రతిదీ నన్ను నిలబెట్టదు. ఖాళీ హాలు నిలబెడుతుంది, ఎందుకంటే దాని వెనక నాకు ఒక హాలుంది.

నేను ఒంటరిగా ఉంటాను, రాత్రి ఫోన్ పక్క గదిలో పెట్టగలను. పిల్లలున్న ఇంట్లో ఇవి చూడటం కష్టమే. మల్టీప్లెక్సుల్లోనే పెరిగినవాళ్ళకు ఈ షాటు ఇంతగా తగులుతుందో లేదో నేను చెప్పలేను. మనసు బాగా దెబ్బతిని ఉన్నవాళ్ళు ఇతని 'వీవ్ లామూర్'తో మొదలుపెట్టకపోవడం మంచిది. దాని చివర్లో పార్కు బెంచీ మీద ఒకావిడ నిమిషాల తరబడి ఏడుస్తుంది. ఓలెడ్ టీవీ కొనబోతున్నవాళ్ళు మాత్రం షాపులో రంగురంగుల డెమో చూసి డబ్బు కట్టకండి. ఇలాంటి కదలని షాటు ఒకటి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళి, అక్కడే ఐదు నిమిషాలు నడిపించి చూడండి.