చలి ముదరకముందే గీజర్ సర్వీస్: మా వీధి ఎలక్ట్రికల్ షాపుకి 4/5

బెంగళూరులో చలేంటి, మీరు మరీనూ అని నవ్వే మా విజయవాడ చుట్టాల్ని డిసెంబరులో పొద్దున్నే ఐదున్నరకి మా బాత్రూం గచ్చు మీద నిలబెట్టాలి. ఊరు 900 మీటర్ల ఎత్తులో ఉంది, డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున మామూలుగానే 15, 16 డిగ్రీలుంటుంది, 1884 జనవరిలో అయితే 7.8 దాకా దిగిందని రికార్డు. రూమ్ హీటర్ కొనేంత చలి కాదు గానీ వేడినీళ్లు లేకపోతే మాత్రం ఇంట్లో ఎవరూ కదలరు. కిటికీల సందులకి ఫోమ్ టేపు అంటించడం, రగ్గులు ఎండలో వేయడం లాంటివి ఓ ఆదివారం మనమే కానిచ్చేస్తాం. గీజర్ మాత్రం తెలిసినవాడు విప్పి చూడాల్సిందే, అందుకే ఈ రివ్యూ.

మేముండేది వర్తూరు వైపు. 2024 అక్టోబరులో కావేరి తాగునీటి పథకం ఐదో దశ మొదలైందని పేపర్లన్నీ రాశాయి గానీ మా బిల్డింగ్‌కి ఇప్పటికీ బోరు, అది తగ్గితే ట్యాంకరే దిక్కు. ఈ నీళ్లలో సున్నం ఎంతంటే కుళాయి మూతి చుట్టూ తెల్లగా పేరుకుపోతుంది. మాది 15 లీటర్ల గీజర్, 2000 వాట్లది. బాగున్న గీజరైతే ఇరవై నిమిషాల్లో స్నానానికి సరిపడా కాగాలి, మాది దగ్గరదగ్గర నలభై నిమిషాలు తీసుకుంటోంది, పైగా లోపల చిటపటమని చప్పుడు.

ముందు ఒక యాప్‌లో బుక్ చేశాను (పేరెందుకులెండి). వచ్చినతను కవర్ కూడా తీయకుండా, టార్చి వేసి ఓసారి కిందా పైనా చూసి, ఎలిమెంట్ (నీళ్లు కాచే కాయిల్) పోయింది, ట్యాంక్ కూడా ఎక్కువ రోజులు ఆగదు, ఎక్స్‌చేంజ్‌లో కొత్తది తీసుకోండి అన్నాడు. ఎలిమెంట్ పోతే నీళ్లు అసలు కాగవు కదా బాబూ అంటే, కాగుతున్నాయి కానీ సరిగ్గా కాగట్లేదు కదా సార్ అని మాట తిప్పేశాడు. విజిటింగ్ ఛార్జీ మాత్రం కట్టించుకున్నాడు.

మా వీధి చివర స్విచ్చులు, బల్బులు అమ్మే చిన్న షాపుంది, ఓనరే మెకానిక్కు. ఆంధ్ర సరిహద్దు దగ్గరి చింతామణి ఊరివాళ్లు, ఇంట్లో తెలుగే. వచ్చీ రాగానే ఎంసీబీ (బోర్డులో కరెంటు ఆపే స్విచ్చు) దించి, టెస్టర్ పెట్టి కరెంటు లేదని రెండుసార్లు చూసుకున్నాకే స్టూలెక్కాడు, నాకు అక్కడే నచ్చాడు. ట్యాంక్ ఖాళీ చేస్తుంటే మొదట మామూలు నీళ్లే వచ్చాయి, చివర్లో మజ్జిగలా చిక్కగా, అందులో పెంకుల్లాంటి తెల్ల ముక్కలు. ఎలిమెంట్ బయటికి లాగితే రాగి రంగు ఎక్కడా కనబడలేదు, చుట్టూ గట్టిగా సున్నం. "చూడన్నా, ఎలిమెంట్ బాగానే ఉంది. వేడి ముందు ఈ సున్నానికి తగిలి, దాన్ని దాటాక నీళ్లకి పోవాల. కరెంటు బిల్లు ఊరికే ఎక్కుతాది" అన్నాడు. సున్నం కరిగించే డీస్కేలింగ్ లిక్విడ్‌లో నానబెట్టి బ్రష్‌తో రుద్దితే అదే ఎలిమెంట్ మళ్లీ పనికొచ్చింది, కొత్తది అమ్మే అవకాశం ఉన్నా అమ్మలేదు.

అసలు మార్చాల్సింది ఆనోడ్ రాడ్డు అని చూపించాడు. మెగ్నీషియం కడ్డీ అది, ట్యాంక్‌కి పట్టాల్సిన తుప్పు తన మీద వేసుకుని అది అరిగిపోతుంది, అది పూర్తిగా అరిగాక ట్యాంక్ వంతు వస్తుంది. మాది మధ్యలో ఇనుప తీగ బయటపడేంత సన్నబడిపోయింది. ఇలాంటి నీళ్లకి ఏడాదికోసారి విప్పి చూడాలట. గాస్కెట్ (నీళ్లు కారకుండా వేసే రబ్బరు) కొత్తది వేశాడు, సేఫ్టీ వాల్వ్ మీట ఎత్తి నీళ్లు వస్తున్నాయో లేదో చూశాడు, 16 ఆంప్స్ ప్లగ్ ఒక పిన్ను దగ్గర నల్లబడి ఉంటే అదీ మార్చాడు. థర్మోస్టాట్ (వేడి ఎంతవరకో సెట్ చేసేది) ఫుల్లులో పెట్టొద్దు, 60 డిగ్రీలు దాటితే సున్నం ఇంకా తొందరగా కడుతుంది అని చెప్పి 55 దగ్గర పెట్టి వెళ్లాడు. సర్వీస్ 450, రాడ్డు 350, గాస్కెట్, ప్లగ్ కలిపి ఇంకో 150. ఇప్పుడు ఇరవై నిమిషాలకి కాస్త అటూ ఇటూగా కాగుతున్నాయి, చప్పుడు లేదు.

ఇంకోటి చెప్పాలి. ఎదురు ఫ్లాట్ వాళ్లు కరెంటు బిల్లు భయంతో గ్యాస్ గీజర్ బాత్రూంలో పెట్టమని ఇతన్నే అడిగారు. బిగించనంటే బిగించనన్నాడు. గాలి ఆడని చిన్న గదిలో గ్యాస్ సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు, లోపలున్న మనిషికి తెలిసేలోపే స్పృహ పోతుంది. చలికాలంలో వెంటిలేటర్ కూడా అట్టముక్కతో మూసేసేవాళ్లున్నారు మరి. బయట బాల్కనీలో పెట్టి పైపు లోపలికి లాగుతానంటే వాళ్లు ఒప్పుకోలేదు, ఇతను బేరం వదులుకున్నాడు.

ఒక పాయింటు ఎందుకు కోశానంటే, టైమ్. పది గంటలకి అని మధ్యాహ్నం దాటాక వచ్చాడు, మధ్యలో ఫోన్ చేస్తే "దారిలో ఉండానన్నా", వెనకాల మాత్రం షాపులో బేరాలాడుతున్న గొంతులు. బిల్లు అడిగితేనే రాస్తాడు, అదీ చీటీ మీద. బాత్రూమంతా సున్నపు పొడి వదిలేసి వెళ్లాడు, కడుక్కోవడం మా ఆవిడ వంతయింది, ఆవిడైతే 3 కంటే ఎక్కువ ఇవ్వనంటోంది. రాడ్డుకి వారంటీ నోటిమాటే.

పిలిచేవాళ్లు దీపావళి వెళ్లగానే పిలవండి, డిసెంబరు వచ్చిందంటే ఊళ్లో అందరి గీజర్లూ ఒకేసారి గుర్తొస్తాయి, అప్పుడు వారం ఆగమంటాడు. రాడ్డు మార్చిన తారీఖు ఆ చీటీ మీదే రాయించుకుని, పాత రాడ్డు చూపించమని అడగండి.