నిలబడి పని చేసే బల్ల: మూడేళ్లు వాడాక

కడపలో మా ఇంట్లో నేలంతా కడప బండలే. నిలబడి పని చేసే బల్ల కొనేముందు ఎత్తు, మోటారు, గ్యారంటీ అన్నీ చూశాను గానీ, నేల సంగతి తట్టలేదు. ఉత్తకాళ్లతో మూడేసి గంటలు నిలబడ్డాను. నాలుగో రోజు పొద్దున మంచం దిగితే మడమల్లో సూదులు గుచ్చినట్టయింది.

నేను జీఎస్టీ రిటర్నులు వేస్తాను. 11వ తారీఖు అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1, 20వ తారీఖు పన్ను లెక్క తేల్చే 3బీ. ఆ గడువుల ముందు కుర్చీకి అతుక్కుపోవడమే, సాయంత్రం నాలుగయ్యేసరికి నడుము పట్టేసేది. అందుకే 24 వేలు పెట్టి, మీట నొక్కితే పైకీ కిందికీ జరిగే మోటారు బల్ల తెప్పించాను. "నిలబడేదానికి కూడా దుడ్లు పెట్టాల్నా నాయనా?" అంది మా అమ్మ.

మడమల నొప్పికి ఉపాయం కారం దోసెల బండి దగ్గర దొరికింది. ఆయన పెనం ముందు మడతలేసిన గోనెసంచి మీద నిలబడతాడు. ఒక కాలు ఇటుక మీద, కాసేపటికి రెండోది. అడిగితే, "కాలు మారుస్తా ఉండాల సార్, లేకుంటే రాత్రికి పిక్కలు లాగేస్తాయి" అన్నాడు. నేనూ ఏడాదిపాటు గోనెసంచి, ఇటుకతోనే నెట్టుకొచ్చాను. తర్వాత రబ్బరు మ్యాట్ కొన్నాను, ఇటుకను మాత్రం తీయలేదు.

ఎత్తు కుదరడానికి నెల పట్టింది. మోచేయి లంబకోణంలో ఉండి, ముంజేయి బల్ల మీద తేలిగ్గా ఆనాలి. నా 5 అడుగుల 7 అంగుళాలకు 105 సెంటీమీటర్ల దగ్గర కుదిరింది. ల్యాప్‌టాప్ ఒక్కటే పెడితే మెడ వంగిపోతుంది. స్క్రీన్ పై అంచు కళ్ల ఎత్తుకు రావాలంటే విడిగా మానిటర్ తప్పదు. ఆ ఖర్చు అమ్మేవాళ్లు చెప్పరు.

బరువు తగ్గుతానని ఆశపడ్డాను. కూర్చోవడం కంటే నిలబడితే అదనంగా ఖర్చయ్యేది గంటకు సుమారు 10 కేలరీలే. ఒక ప్లేటు ఉగ్గాని బజ్జీ ముందు అదేం లెక్క? పొట్ట ఎక్కడిదక్కడే ఉంది. నడుము నొప్పి మాత్రం బాగా తగ్గింది, అదీ అరగంటకోసారి లేచి కూర్చుంటున్నందుకే. పంతం పట్టి రోజంతా నిలబడిన వారంలో పాదాలు వాచాయి. ఇప్పుడు ఫోన్లు, బిల్లుల ఎంట్రీ నిలబడి చేస్తాను. 2బీతో, అంటే కొనుగోళ్ల పన్ను వివరాలతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే పట్టికతో, లెక్కలు సరిచూడడం మాత్రం కూర్చునే. నిలబడి చేస్తే అంకెలు తప్పుతున్నాయి.

పైకి లేపితే బల్ల కొంచెం ఊగుతుంది, టైప్ చేస్తుంటే టీ గ్లాసు జరుగుతూ అంచుకు వస్తుంది. కరెంటు పోతే ఇంకో తలనొప్పి. ఆ ప్లగ్గుకు ఇన్వర్టర్ లైను లేక, ఒక మే నెల మధ్యాహ్నం బల్ల పైనే ఆగిపోయింది. బడిలో బెంచీ ఎక్కించినట్టు గంటన్నర నిలబడ్డాను. మర్నాడే ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను.

మళ్లీ కొనాల్సి వస్తే మోటారు బల్ల కొనను. మామూలు బల్ల పక్కనే వడ్రంగితో 105 సెంటీమీటర్ల ఎత్తు బల్ల ఇంకొకటి చేయించుకుంటాను. ల్యాప్‌టాప్ పట్టుకుని అటూ ఇటూ తిరిగే నాలుగడుగులూ కలిసొస్తాయి.