జమైకాలో భోజనం: రిసార్టులోని బీచ్ రెస్టారెంటా, బయటి జర్క్ కొట్టా?

చలికాలం సెలవులు దగ్గరపడితే చాలు, జమైకాకి టికెట్లు కొన్నవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే. "ఆల్ ఇన్‌క్లూజివ్‌కి, అంటే గదీ తిండీ అన్నీ కలిపిన ప్యాకేజీకి, డబ్బు కట్టేశాం. మళ్లీ జేబులోంచి తీసి బయట తినడం దండగ కాదా?" అమెరికా నుంచి పిల్లల్నీ, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్నీ వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లకి ఈ టెన్షన్ ఇంకా ఎక్కువ. అక్కడి సముద్రతీర ఊళ్లు మాంటెగో బే, నెగ్రిల్ రెండూ చూసి, రిసార్టులోనూ, బయట జర్క్ (మసాలా పట్టించి నిప్పు మీద పొగలో కాల్చిన మాంసం) అమ్మే కొట్లలోనూ తిన్నాక నాకంటూ ఒక అభిప్రాయం ఏర్పడింది. అది దాచను.

రిసార్టులోని బీచ్ రెస్టారెంట్‌తో ఉన్న సుఖం తెలిసిందే. బిల్లు రాదు, పిల్లాడు సగం తిని వదిలేసినా మనసు చివుక్కుమనదు, బాత్రూమ్ పక్కనే. ఇసుక మీద చెక్క డెక్, దాని మీద టేబుళ్లు, పది అడుగుల్లో సముద్రం. రాత్రి పూట మెనూ చూసి ఆర్డర్ ఇచ్చే అ లా కార్ట్ రెస్టారెంట్లకి మాత్రం ముందే బుక్ చేసుకోవాలి. మగవాళ్లు ఫుల్ ప్యాంటు, బూట్లు వేసుకోవాలనే నియమం చాలాచోట్ల ఉంది. చెక్ ఇన్ అయిన రోజే బుక్ చేయకపోతే మిగిలేది రాత్రి తొమ్మిదిన్నర స్లాటే. అప్పటికి మీ పిల్లలు కుర్చీలోనే నిద్రపోతారు.

ఇంతవరకూ అందరూ చెప్పేదే. నా దృష్టిలో తేల్చేది వేరే: పొయ్యి మీకు ఎంత దూరంలో ఉంది?

రిసార్టుల్లో సముద్రం టేబుల్ పక్కనే ఉంటుంది కానీ వంటగది చాలాసార్లు వెనకెక్కడో మెయిన్ బిల్డింగ్‌లో ఉంటుంది. వేయించిన చేప మూత కింద ప్రయాణం చేసి వచ్చేసరికి కరకర పోతుంది. పైగా సముద్రపు గాలికి ప్లేటు ఐదు నిమిషాల్లో చల్లబడుతుంది. కారం సంగతి చెప్పనక్కర్లేదు. జమైకా వంటకి ప్రాణం స్కాచ్ బానెట్ మిరపకాయ. రిసార్టు వంటవాళ్లకి దాన్ని వాడటం రాక కాదు, రకరకాల దేశాల నోళ్లకి సరిపోవాలని తగ్గిస్తారు. మనకది చప్పగా తగులుతుంది. మొహమాటపడకుండా "పెప్పర్ సాస్" అడగండి, లోపలి నుంచి తెచ్చిస్తారు. ముందు అరచెంచా చాలు. పచ్చిమిర్చి బజ్జీలు తినే నోరే కదా అని వేసుకుంటే కళ్లవెంట నీళ్లొస్తాయి.

బయటి జర్క్ కొట్టులో పొయ్యి మీ ముందే ఉంటుంది. పిమెంటో చెట్టు దుంగల నిప్పు మీద కోడి, పంది మాంసం పరిచి, పైన జింక్ రేకు కప్పుతారు. పిమెంటో గింజ అంటే మన దగ్గర ఆల్‌స్పైస్ పేరుతో అమ్మేదే, మిరియం కన్నా కాస్త పెద్దది. లవంగం, దాల్చినచెక్క, జాజికాయ కలిపినట్టుండే వాసన. మసాలాలో ఆ గింజ, పొగలో ఆ చెక్క, రెండూ కలిస్తేనే అసలు జర్క్. మీరు అడిగాక రేకు పక్కకి జరిపి, ఒక ముక్క మొద్దు మీద పెట్టి, కత్తితో ఎముకతో సహా టకటకా నరికి, ఫాయిల్‌లో చుట్టి ఇస్తారు. తోడుగా ఫెస్టివల్ తీసుకోండి. మొక్కజొన్న పిండితో వేయించిన తియ్యటి ముద్దలు అవి. కారానికి ఆ తీపే విరుగుడు. ఈ రుచి ఏ డెక్ మీదా నాకు దొరకలేదు.

చేప కావాలంటే ఎస్కోవిచ్. ముక్కలు చేయకుండా మొత్తంగా వేయించిన స్నాపర్ చేప మీద వెనిగర్‌లో నానిన ఉల్లి, క్యారెట్, బెంగళూరు వంకాయ, మిరప చీలికలు పోస్తారు. నెగ్రిల్‌లో సెవెన్ మైల్ బీచ్ వెంట నడిస్తే ఇలాంటివి వండే చిన్న హోటళ్లు వరసగా ఉంటాయి, టాక్సీ కూడా అక్కర్లేదు. మేక కూర కూడా వదలొద్దు. 1845 నుంచి కూలీలుగా వచ్చిన మన దేశస్థుల వెంట వచ్చిన వంట అది. పసుపు, పిమెంటో ఎక్కువ. మన మసాలా కూరలా ఉంటుందని మాత్రం ఆశపడకండి.

శాకాహారులైతే లెక్క కొంత మారుతుంది. పొద్దున్న రిసార్టు బఫేలో కోడిగుడ్డు పొరటులా పచ్చగా కనిపించేది యాకీ, పండే గానీ అందులో ఉప్పుచేప కలుపుతారు. కలాలూ అక్కడి తోటకూర, దాంట్లోనూ అప్పుడప్పుడు ఉప్పుచేప పడుతుంది. కొబ్బరిపాలతో వండే రైస్ అండ్ పీస్‌లో కొందరు పంది తోక వేస్తారు. "మాంసం వద్దు" అంటే సరిపోదు, "చేప కూడా వద్దు" అని విడిగా చెప్పాలి. ఈ అడగడాలన్నీ రిసార్టులో తేలిక. బయట అయితే రాస్తాఫారీలు (జమైకాలో పుట్టిన ఒక మతం వాళ్లు) నడిపే ఇటల్ హోటల్, అంటే వాళ్ల పద్ధతి శాకాహార హోటల్, వెతకండి. ఉప్పు తక్కువ, కొందరు అసలే వేయరు. అమ్మ సంచిలోని పచ్చడి అక్కడ పనికొస్తుంది.

మిగతావి: నెగ్రిల్ వెస్ట్ ఎండ్‌లో కొండ అంచున ఉన్న రిక్స్ కేఫ్ సూర్యాస్తమయానికి, పైనుంచి దూకేవాళ్లని చూడటానికి బాగుంటుంది, తిండి కోసం కాదు. ఇసుకలో కొవ్వొత్తులు పెట్టి ఇద్దరికే వేసే ప్రైవేట్ డిన్నర్‌కి రిసార్టులు విడిగా డబ్బు తీసుకుంటాయి. పెళ్లిరోజైతే సరే.

నేనైతే పొద్దున్న రిసార్టులో, మధ్యాహ్నం బయట తింటాను. సాయంత్రం డెక్ మీద కూర్చోవడం నెగ్రిల్‌లోనే నాకిష్టం, తీరం పడమటికి తిరిగి ఉంటుంది కనుక. డిసెంబరులో ఐదున్నర దాటగానే పొద్దుగూకుతుంది, ఏడింటికి బుక్ చేస్తే చీకటే మిగులుతుంది. మాంటెగో బే ఉత్తర తీరంలో ఉంది కనుక అక్కడైతే సూర్యుడు నీళ్లలోకి దిగడం ఏ టేబుల్ నుంచి కనిపిస్తుందో రిసెప్షన్‌లో అడిగి బుక్ చేయండి.

బయటికెళ్లేటప్పుడు ఎర్ర నంబర్ ప్లేటు ఉన్న టాక్సీ ఎక్కండి, ఎక్కకముందే రేటు మాట్లాడుకోండి. ధర ఏ డాలర్లలోనో కూడా అడగాలి. ఒక అమెరికా డాలరుకి జమైకా డాలర్లు 150 పైచిలుకు వస్తాయి. బిల్లులో సర్వీస్ చార్జ్ ఉంటే మళ్లీ టిప్ తప్పనిసరి కాదు. 2025 అక్టోబరులో మెలిస్సా తుపాను పశ్చిమ జమైకాని గట్టిగా దెబ్బతీసింది, కాబట్టి ఫలానా కొట్టుకే వెళ్లాలనుకుంటే తెరిచి ఉందో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. లాబ్‌స్టర్ మీద మనసుంటే ఏప్రిల్ నుంచి జూన్ ఆఖరు దాకా వెళ్లొద్దు, ఆ మూడు నెలలూ పట్టడం నిషేధం.