కొత్త అల్లుడి దారికి మా కారే అడ్డం

కనుమనాడు కోనసీమలో, వెదుళ్లతో కట్టి అలంకరించిన ఎత్తైన ప్రభల మీద ఊరూరి శివుణ్ణి మోసుకొచ్చే జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాలని మా బావగారికి ఏనాటి నుంచో కోరిక. విజయవాడ నుంచి నలుగురం కారులో బయలుదేరాం. చించినాడ వంతెన దాటి కోనసీమలో అడుగుపెట్టేదాకా ఏ ఇబ్బందీ లేదు.

బస దగ్గర మొదలైంది. అమలాపురానికి పది కిలోమీటర్ల దూరంలో, ఒక పాత మండువా ఇంటికి రంగులు వేసి, అడ్డుగోడలు కట్టి ఏడు గదులు చేశారు. ఫోనులో గదికి రోజుకు 4,500 అన్నారు. సామాను దింపాక 7,500 అయింది. "పండగ కదా సార్!" మామూలు రోజుల్లో 1,800 అని వంటావిడ మా ఆవిడ చెవిలో వేసింది. రెండు గదులు, రెండు రాత్రులు: 30,000. కాలువ కనిపించే గది అన్న మాట మాత్రం అబద్ధం కాదు. కిటికీ తీస్తే ముందు మరుగుదొడ్ల గొట్టం, ఆ తర్వాత అది కలిసే కాలువ కనిపించాయి. దిగువ ఊళ్లలో చెరువులు నింపుకుని తాగేది ఇలాంటి కాలువల నీళ్లే. మా ఆవిడ కిటికీ మూసేసి, ఆ రాత్రంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

తొమ్మిది దాటాక పక్కింటి పెద్దాయన వచ్చారు. "బాబూ, మీ కారు కాస్త తీయిస్తారా? మా అల్లుడు కాలువ వంతెన దగ్గరే ఆగిపోయాడు. పెళ్లయ్యాక మొదటి పండగ."

కారు ఆ సందులో పెట్టమన్నది బస మేనేజరే. మాది తీశాం సరే, ముందు ఇంకా నాలుగున్నాయి. వాటి యజమానులు డాబా మీద సౌండు బాక్సుల హోరులో ఉన్నారు. మేనేజరు "సర్దుకోండి" అన్నాడు, మాతో కాదు, ఆ పెద్దాయనతో. కొత్త అల్లుడు చీకట్లో పెట్టె మోసుకుంటూ నడిచి వచ్చాడు. తన మొదటి పండక్కి రిక్షా ఆలస్యమైందని ఇప్పటికీ దెప్పే మా బావగారు ఎదురెళ్లి ఆ పెట్టె అందుకున్నారు. ఆయనను అలా చూడడం అదే మొదటిసారి.

పొద్దున్నే క్షమాపణ చెప్పడానికి వెళ్లాం. "అమలాపురానికి రైలు లేదు, కార్లలోనే వస్తారు. రావద్దని ఎవరంటారు? ప్రభ వెళ్తుంటే చేను తొక్కించుకోవడం మాకు భాగ్యం. సందు మాత్రం పన్నెండడుగులే కదా బాబూ!" అన్నారు.

ఆ మాట తీర్థంలో కళ్లారా చూశాం. జగ్గన్నతోటలో గుడి లేదు, ఉన్నదంతా కొబ్బరితోటే. పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభల మీద అక్కడికి చేరతారు. గంగలకుర్రు ప్రభను భుజాల మీద ఎత్తుకుని కౌశిక కాలువలోకి దిగినప్పుడు ఒళ్లు జలదరించింది. పచ్చటి చేలో నుంచి ప్రభ వెళ్తుంటే గట్టు మీద రైతు చేతులు జోడించి నిలబడ్డాడు. కాసేపటికి అదే చేలోకి ఫొటోల కోసం దిగిన కుర్రాళ్లను మాత్రం కర్ర పట్టుకుని తరిమాడు. సరైన పనే చేశాడు.

అంబాజీపేటలో పొట్టిక్కలు తప్పక తినండి. పనసాకు బుట్టలో ఉడికిన ఆ వాసన ముందు మామూలు ఇడ్లీ ఎందుకూ పనికిరాదు. నలుగురికీ కలిపి 240 రూపాయలు. ఈ యాత్రలో న్యాయంగా చెల్లించిన బిల్లు అదొక్కటే. పండగ రోజుల్లో పల్లెల్లో పుట్టుకొచ్చే ఈ గదుల జోలికి పోకండి. కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో దిగి, తెల్లవారుజామునే బస్సెక్కి రండి. మీకూ డబ్బు మిగులుతుంది, వాళ్ల సందూ ఖాళీగా ఉంటుంది.

బయలుదేరే రోజు పెద్దాయన గేటు ముందు రెండు కొబ్బరి దుంగలు అడ్డంగా పడి ఉన్నాయి. "ఈ ఊరివాళ్లకు టూరిజం అంటే పడదు సార్" అంటూ మేనేజరు బిల్లు అందించాడు. అందులో జనరేటరుకని మరో 1,200. రెండు రోజుల్లో కరెంటు ఒక్కసారి కూడా పోలేదు. రసీదు అడిగితే, పుస్తకం అయిపోయిందన్నాడు.