మెమ్‌టెస్ట్86 ప్లస్: ఆ పచ్చ ‘పాస్’ మీదే నా గుర్రు

సిస్టమ్ హ్యాంగ్ అవుతోందంటే ఎవరైనా ముందు చెప్పేది ‘ర్యామ్ తీసి రబ్బరుతో తుడిచి పెట్టు’ అని. తర్వాత చెప్పేది మెమ్‌టెస్ట్ పెట్టమని, అంటే విండోస్‌తో పని లేకుండా పెన్‌డ్రైవ్ నుంచే బూటై ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రామ్. ఏళ్ల తరబడి వాడాక ఈ రెండో సలహా మీద నా మాట ఇది: ఎర్రగా ‘ఫెయిల్’ వస్తే నమ్మండి. పచ్చగా ‘పాస్’ వస్తే వెంటనే నమ్మేయకండి.

పెన్‌డ్రైవ్ తయారీ అందరికీ తెలిసిందే. 2022లో ఆరో వెర్షన్ వచ్చాక యూఈఎఫ్‌ఐ (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త ఫర్మ్‌వేర్) బోర్డుల మీద పాత బయోస్ పద్ధతి, అంటే లెగసీ మోడ్, తిప్పలు కూడా పోయాయి. బూట్ కాకపోతే బయోస్ సెట్టింగుల్లో సెక్యూర్ బూట్ (సంతకం లేని ప్రోగ్రామ్‌లను బూట్ కానివ్వని రక్షణ) ఆపి చూడాలి. విండోస్ డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే మాత్రం ఆపే ముందే 48 అంకెల రికవరీ కీ రాసి పెట్టుకోండి, లేదంటే విండోస్ గుమ్మంలోనే ఆపేస్తుంది.

ఇక గుర్రు సంగతి. పరీక్షలన్నీ ఒక చుట్టు (దీన్నీ పాస్ అనే అంటారు) పూర్తవగానే తెరంతా కనబడేలా ‘పాస్’ అని వేస్తుంది. చాలామంది అక్కడే ఆపేసి ‘ర్యామ్ బాగానే ఉంది’ అని ఎస్‌ఎస్‌డీ మీదో పవర్ సప్లై మీదో పడతారు. మొదటి పాస్ తేలికది. కనీసం నాలుగు పాస్‌లు, అంటే 16 జీబీకి దాదాపు ఒక రాత్రి, నడవాలి.

నాలుగు పాస్‌లు నడిచినా మోసపోయే కేసు ఇలా ఉంటుంది. ఏఎమ్‌డీ రైజన్ 3600 సీపీయూ మీద 8 జీబీ, 3200 స్పీడు ర్యామ్ స్టిక్‌లు రెండు హాయిగా నడుస్తుంటాయి. తర్వాత అదే మోడల్‌వి ఇంకో రెండు కొని నాలుగు స్లాట్లూ నింపుతారు. గేమ్ మొదలైన అరగంటకు బొమ్మ ఆగిపోతుంది, సౌండ్ బర్ర్‌మని ఒకే ముక్క దగ్గర తిరుగుతుంది, పవర్ బటన్ నొక్కి పట్టుకోవడం తప్ప దారి ఉండదు. విండోస్ లాగ్‌లు చూపే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నెల్-పవర్ 41 ఒక్కటే కనబడుతుంది. మెషిన్ సరిగ్గా ఆఫ్ కాలేదని చెప్పడమే దాని పని, కారణం చెప్పదు. మెమ్‌టెస్ట్‌లో రాత్రంతా సున్నా ఎర్రర్లు.

ఎందుకంటే మెమ్‌టెస్ట్ నడిచేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు ఊరికే కూర్చుంటుంది. పైగా మనం కేబినెట్ తలుపు తీసే ఉంచుతాం. గేమ్‌లో అదే కార్డు 200 వాట్ల వేడిని స్టిక్‌ల పక్కనే వదులుతుంది. వేడెక్కే కొద్దీ ర్యామ్ చిప్‌లోని డీర్యామ్ సెల్‌లో (ఒక్కో బిట్‌ని దాచే చోటు) చార్జ్ త్వరగా కారిపోతుంది. అందుకే 85 డిగ్రీలు దాటితే రిఫ్రెష్ (ఆ చార్జ్‌ని మళ్లీ నింపడం) రెట్టింపు చేయాలని ప్రమాణంలోనే ఉంది. ఇంకో చిక్కు, ఆ సీపీయూకి 3200 స్పీడు రెండు స్టిక్‌లకే అధికారికం. నాలుగైతే సింగిల్ ర్యాంక్‌కి (స్టిక్ మీద చిప్‌ల గుంపు ఒకటే) 2933, డ్యూయల్ ర్యాంక్‌కి (రెండు గుంపులు) 2667. స్టిక్ మీద రాసిన స్పీడుని బయోస్‌లో ఒక్క నొక్కుతో పెట్టే ఎక్స్‌ఎమ్‌పీకి ఇవేమీ పట్టవు, 3200 పెట్టేస్తుంది.

పట్టుకునే పద్ధతి: తలుపు మూసి, విండోస్‌లోనే ర్యామ్‌ని పరీక్షించే టెస్ట్‌మెమ్5ని ఎక్స్‌ట్రీమ్ కాన్ఫిగ్ (గట్టి పరీక్షల సెట్టింగ్ ఫైల్)తో నడుపుతూ పక్కన గ్రాఫిక్స్ కార్డుని వేడెక్కించే ఫర్‌మార్క్ కూడా పెట్టాలి. రాత్రంతా దొరకని ఎర్రర్లు ఇక్కడ గంటలోపే బయటపడొచ్చు. తర్వాత ఎక్స్‌ఎమ్‌పీ ఆపి మళ్లీ అదే టెస్ట్. శుభ్రంగా నడిస్తే బహుశా స్టిక్‌లది తప్పు కాదు, వోల్టేజి 1.35 దగ్గరే ఉంచి స్పీడు 2933కి దించండి. ఎక్స్‌ఎమ్‌పీ ఆపినా ఒక్క ఎర్రర్ వచ్చిందా, తప్పు దేనిదో తేల్చి దాన్ని వారంటీకి పంపాల్సిందే. ‘ఒకటే కదా’ అని వదిలేస్తే ఆ ఒక్కటే ఏదో ఒక రోజు జిప్ ఫైల్‌నో ఫొటోనో పాడు చేస్తుంది.

‘ఫెయిల్’ని నమ్మమన్నాను గానీ, అది ఏ స్టిక్‌దో చెప్తుందనుకోకండి. డ్యూయల్ చానల్‌లో అడ్రసులు రెండు స్టిక్‌ల మధ్య పంచబడి ఉంటాయి, కాబట్టి తెర మీది అడ్రసు చూసి స్టిక్ గుర్తుపట్టలేం. ఒక్కో స్టిక్‌ని సీపీయూ నుంచి రెండో స్లాట్‌లో పెట్టి చూడాలి, తర్వాత నాలుగో స్లాట్‌లో. ఎర్రర్ స్టిక్ వెంట వెళ్తే స్టిక్‌దే తప్పు. స్లాట్ దగ్గరే ఉండిపోతే బోర్డుదో, సాకెట్ పిన్నుదో. విడివిడిగా పాసై జంటగా ఫెయిలైతే స్పీడునో సీపీయూలో ర్యామ్‌ని నడిపే మెమరీ కంట్రోలర్‌నో అనుమానించండి. ఒకసారి ఒక్కటే మార్చండి, రెండు కలిపి మారిస్తే కారణం ఏదో తెలియదు.

రబ్బరు వద్దు, పొడి స్లాట్‌లో పడుతుంది, బంగారు పూత అరుగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు రాలని గుడ్డ చాలు. నిజానికి చాలాసార్లు బాగయ్యేది తుడవడం వల్ల కాదు, తీసి మళ్లీ గట్టిగా నొక్కి పెట్టడం వల్ల.

సొంతంగా అసెంబుల్ చేసిన డెస్క్‌టాప్ ఉండి, ఒక రాత్రి ఖాళీ, యూపీఎస్ ఉంటే ఇప్పటికీ ముందు మెమ్‌టెస్టే పెడతాను. టెస్ట్‌మెమ్5 రెండో రోజు, మే నెలైతే ఏసీ లేని మధ్యాహ్నం పూట. ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసిన ల్యాప్‌టాప్ అయితే స్టిక్‌లు మార్చి చూసే వీలే లేదు; ఫెయిల్ వస్తే డేటా కాపీ తీసుకుని సర్వీస్ సెంటర్‌కి ఇవ్వడమే.