విలువల కార్డులు: లక్ష్యాలు రాసుకునే ముందు వాడదగిన ఒక సాధనం

జనవరిలోనో, ఉగాదికో లక్ష్యాలు రాసుకునేవారిలో చాలామంది వాటిని ఎప్పటికి సాధించాలో నిర్ణయించుకుంటారు గానీ, అవి తమకు నిజంగా కావలసినవేనా అని అడిగి చూసుకోరు. ఆ ప్రశ్నను దాటవేయనివ్వని సాధనం పర్సనల్ వాల్యూస్ కార్డ్ సార్ట్. అమెరికాలోని న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో విలియం మిల్లర్, ఆయన సహచరులు 2001లో దీన్ని రూపొందించారు. మిల్లర్ మద్యపాన వ్యసనం మీద దీర్ఘకాలం పనిచేసిన మనస్తత్వవేత్త. స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే కౌన్సెలింగ్ పద్ధతిని తీర్చిదిద్దినవారు. మనిషిని మందలించి మార్చబోవడం కన్నా, తనకు ఏది ముఖ్యమో అతని నోటితోనే చెప్పించడం మేలనే ఆ పద్ధతి స్వభావం ఈ కార్డుల్లోనూ కనిపిస్తుంది.

మొత్తం 83 కార్డులు. ఒక్కొక్క దాని మీద ఒక విలువ, దాని కింద ఒక్క వాక్యంలో వివరణ ఉంటాయి. వాటిని ముఖ్యం కానివి, ముఖ్యమైనవి, చాలా ముఖ్యమైనవి అని మూడు కట్టలుగా విడదీసి, ఆఖరి కట్టలోంచి ఐదో పదో ఏరి వరుసగా పేర్చుకోవాలి. కాపీరైటు లేనిది కనుక ఖర్చల్లా ప్రింటుకే. మామూలు కాగితం మీద తీస్తే ఫ్యాను గాలికి కట్టలన్నీ కలిసిపోతాయి కాబట్టి జిరాక్స్ షాపులో మందపాటి కాగితం అడగడం మంచిది.

విడదీయడం సులువే, కష్టమంతా ఏరడంలో ఉంది. చాలా ముఖ్యమనుకున్న పాతిక ముప్ఫై కార్డుల్లోంచి ఐదు మిగల్చవలసి వచ్చినప్పుడు, మంచివని అందరూ అనేవాటికీ, మనం రోజూ సమయం కేటాయించడానికి సిద్ధపడేవాటికీ తేడా బయటపడుతుంది. బరువు తగ్గాలన్న లక్ష్యాన్నే తీసుకుంటే, ఆకర్షణ, దేహదారుఢ్యం, ఆరోగ్యం ఇక్కడ మూడు వేర్వేరు కార్డులు. ఆరోగ్యం పైన నిలిచి ఆకర్షణ కింది కట్టలోకి పోయినవారు, పెళ్లిలోగా పది కిలోలు తగ్గాలనే గడువును పక్కనపెట్టి, సాయంత్రం నడకనూ వేళకు నిద్రనూ లక్ష్యంగా పెట్టుకోగలరు. ఒకరోజు తప్పినా మర్నాడు కొనసాగించడానికి అడ్డేమీ ఉండదు. అలాగే ప్రేమించడం, ప్రేమ పొందడం కూడా వేర్వేరు కార్డులే. రెండోది ఎదుటివారి చేతిలో ఉంటుంది. మొదటిదాన్ని ఎంచుకున్నవారు ఊళ్లో ఉన్న అమ్మకు ఈ వారమే ఫోను చేయవచ్చు.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది తనను తాను ఉన్నట్టుగా స్వీకరించడం అనే కార్డు. ఇంగ్లీషు అక్షరక్రమంలో దాని వెంటనే ఆత్మనిగ్రహం వస్తుంది. నిగ్రహాన్ని మాత్రమే తీసుకుని స్వీకారాన్ని వదిలేసినవారి లక్ష్యాల పట్టిక శిక్షల జాబితాగా తయారవుతుంది. రెండూ చేతిలో పట్టుకుని ఆలోచించినప్పుడే ఎంత పని పెట్టుకోవచ్చో తెలిసివస్తుంది.

లోపాలూ ఉన్నాయి. విలువ నుంచి లక్ష్యానికి వెళ్లే దారిని కార్డులు చూపవు. ఎంచుకున్న ప్రతి విలువకూ, అది నాకెందుకు ముఖ్యం, ఈ నెలలో అది నా పనుల్లో ఎక్కడ కనిపించింది, వచ్చే వారం చేయగల చిన్న పని ఏమిటి అని మనమే నోటుపుస్తకంలో రాసుకోవాలి. ఆ భాగం లేకపోతే ఇది కాలక్షేపంగా మిగిలిపోతుంది. శృంగారానికి, ఒక్కరితోనే ప్రేమబంధానికి సంబంధించిన కార్డులు కూడా ఉండటం వల్ల ఇంట్లో పెద్దలతో, పిల్లలతో కలిసి కూర్చున్నప్పుడు కొన్నిటిని ముందే తీసి పక్కన పెట్టవలసి రావచ్చు. కుటుంబం అనే కార్డు సంతోషంగా, ప్రేమగా ఉండే కుటుంబం గురించి చెబుతుంది. చెల్లెలి పెళ్లి ఖర్చు, నాన్న చేసిన అప్పు లాంటి బాధ్యతలను మోస్తున్నవారు కర్తవ్యం, బాధ్యత అనే కార్డులను వెతుక్కోవాలి. సంపద కార్డు పుష్కలంగా డబ్బు ఉండటాన్ని సూచిస్తుంది తప్ప, అప్పు లేకుండా నెల గడవడాన్ని కాదు. అయితే సొంతంగా రాసుకోవడానికి ఖాళీ కార్డులు ఇచ్చారు. మన ఇళ్లలో వాటి అవసరం ఎక్కువే పడుతుంది.

దిగులు తీవ్రంగా ఉన్నవారికి ఏ కార్డూ ముఖ్యమనిపించకపోవచ్చు. వారు దీన్ని ఒంటరిగా చేయకుండా మనస్తత్వ నిపుణుల దగ్గర చేయడం మంచిది. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడవచ్చు. మిగతావారు ఒక గంట తీరిక చూసుకుని, కార్డులను బాగా కలిపి, మొదటిసారి ఎవరూ పక్కన లేకుండా పేర్చుకోవాలి, ఎందుకంటే చూసేవారుంటే సేవ, వినయం పైకి వచ్చి, విశ్రాంతి, వినోదం కింది కట్టలోకి జారిపోతాయి.